విశాఖలో ఊఫర్ల మరమ్మతు: 7,600 అడిగిన చోటు, 1,650తో తేల్చిన చోటు

మల్టీమీటరు పెట్టి కొలవకుండానే "రెండూ కాలిపోయాయి" అని చెప్పే దుకాణంలో క్షణం కూడా నిలబడవద్దు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది అందుకే.

నవమి ఉత్సవాల్లో మా వీధి రామమందిరం స్పీకర్లు మూగబోయాయి. లోపల బేస్ పలికించే 12 అంగుళాల ఊఫర్లు రెండూ విప్పి, కోన్లకు (ముందుండే గరాటు లాంటి భాగాలకు) దెబ్బ తగలకుండా అట్టలు కట్టి, భజన సమాజం కోశాధికారి మాస్టారుతో శ్రీకాకుళంలో బస్సెక్కాను. ప్రయాణం సుఖంగానే సాగింది.

జగదాంబ కూడలి దగ్గర పెద్ద దుకాణంలో కుర్రవాడు కోన్‌ను వేలితో ఒకసారి నొక్కి, "కాయిల్ పోయింది సార్, కొత్త జత 7,600" అన్నాడు. కాయిల్ అంటే కోన్ వెనక అయస్కాంతం సందులో కదిలే తీగచుట్ట. మీటరుతో చూడమంటే "చూసినా అంతే" అన్నాడు. పాతవి అక్కడే వదిలేస్తే 300 తగ్గిస్తాడట! మాస్టారి ముఖం మాడిపోయింది. భజన సమాజం డబ్బు ఖర్చవుతుంటే ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది.

అక్కడి నుంచి ఆటోవాడు 80 తీసుకుని పూర్ణా మార్కెట్ వైపు ఒక సందులో దించాడు. మెట్ల కింద గదిలో పెద్దాయన ఒకరు ఇదే పని చేస్తారు. ఆయన ముందుగా టెర్మినళ్ల మీద మీటరు పెట్టారు. రెండు ఊఫర్లకూ అంకె పలకలేదు, అంటే దారి ఎక్కడో తెగినట్టే. అక్కడితో ఆగితే దుకాణం వాడి మాటే నెగ్గేది. ఆయన ఆగలేదు. టెర్మినల్ నుంచి కోన్‌కు వెళ్లే అల్లిక తీగను వదిలేసి, అది కాయిల్‌కు అతికిన చోట మీటరు మొనలు ఆనించారు. ఒకదానికి 6.3 ఓమ్‌లు! 8 ఓమ్‌ల స్పీకరు మీటరులో ఆ మాత్రం తక్కువగానే చూపిస్తుంది. అంటే కాయిల్ భేషుగ్గా ఉంది, తెగింది తీగ మాత్రమే. కొత్త తీగ వేసి టంకం పెట్టినందుకు 150.

రెండోది నిజంగానే కాలింది. కోన్ కోసి తీయగానే మాడిన వార్నిష్ వాసన గదంతా కొట్టింది. "యాంప్లిఫయర్ మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుందా బాబూ?" అని అడిగారు. మా భజన కుర్రాళ్ల పుణ్యమా అని ఆరదు. యాంప్ తన శక్తికి మించి మోగితే ఆ దీపం వెలుగుతుంది. అప్పుడు ధ్వని తరంగాల తలలు తెగి కాయిల్ వేడెక్కుతుంది, ఆ వేడికి మాడుతుంది.

కోన్, కాయిల్, కాయిల్‌ను నడిమధ్య పట్టి ఉంచే ముడతల బట్ట (స్పైడర్) మార్చడానికి 1,500. అయస్కాంతం సందులోని నుసిని అంటుకునే టేపుతో లాగేశారు. పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు కాయిల్‌కూ దాని మధ్యనుండే ఇనుప కమ్మీకీ నడుమ దూర్చి, కాయిల్ ఎటూ రాసుకోకుండా నిలిచాకే జిగురు పెట్టారు. అది ఆరడానికి రాత్రంతా పడుతుంది, ఉదయం రమ్మన్నారు.

ఇక లాడ్జి. బస్‌స్టేషన్ దగ్గర గది 1,200. రిమోట్ ఇవ్వడానికి 200 ధరావతు, వేడినీళ్లు బకెట్‌కు 30. దిండుకు కొబ్బరినూనె కంపు. బిల్లు అడిగితే "కావాలంటే 150 అదనం" అన్నాడు గుమాస్తా. బిల్లు లేనిదే మాస్టారు కమిటీకి ఏం చూపిస్తారు? ఆయన అలిగి భోజనానికి కూడా రానన్నారు. బతిమాలి బీచికి తీసుకెళ్లి ముంత మసాలా తినిపిస్తే కాస్త కుదుటపడ్డారు. అక్కడి కుర్సురా జలాంతర్గామి మ్యూజియం మూసే వేళకు చేరాం, బయటి నుంచే చూశాం.

మర్నాడు పెద్దాయన ఫిల్ము ముక్కలు లాగేసి, దుమ్ము పడకుండా కోన్ మధ్యలో టోపీ అతికించారు. తర్వాత 1.5 వోల్టుల బ్యాటరీని రెండింటికీ ప్లస్‌కు ప్లస్ వచ్చేలా ఆనిస్తే రెండు కోన్లూ ముందుకే కదిలాయి. మరమ్మతు చేయించిన ఎవరైనా ఇది తప్పక చూసుకోవాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పోతే బేస్ సగం మాయమవుతుంది. బిగించే ముందు పాట ఆపి యాంప్ అవుట్‌పుట్‌లో డీసీ వోల్టేజి కూడా కొలవమన్నారు. దాదాపు సున్నా చూపించాలి, లేకపోతే కొత్త కాయిల్ కూడా మాడుతుంది.

ఆయన అడక్కుండానే తెల్లకాగితం మీద 1,650కి రసీదు రాసిచ్చారు. కమిటీ దాన్ని వెంటనే ఒప్పుకుంది. లాడ్జి 1,200 మాత్రం ఇంకా మాస్టారి జేబు లెక్కలోనే ఉంది.