ఇంట్లో టిరామిసు: పచ్చి సొనా, ఆవిరి మీద కాచిన సొనా, అసలు గుడ్డే లేకుండానా, ఏది మేలు?

నేను ఇటలీలోని పాడోవాకి వచ్చి ఏడేళ్లయింది, ఈ ఏడేళ్లలో ఎన్ని ట్రేల టిరామిసు (కాఫీలో ముంచిన బిస్కెట్లూ, చీజ్ క్రీమూ పొరలుగా పేర్చి చల్లగా తినే ఇటలీ స్వీట్) చేశానో లెక్కలేదు, ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేసినా ఫస్ట్ అడిగేది మాత్రం ఒకటే, అందులో పచ్చి గుడ్డు వేస్తారంట కదా, తినొచ్చా అని. అందుకే కాఫీ, బిస్కెట్లు తర్వాత, ముందు గుడ్డు సంగతే తేల్చుకుందాం. నా ఓటు ఆవిరి మీద కాచిన సొనకే, ఎందుకో చెప్తా.

ముందు అసలుది ఎలా ఉంటుందో తెలియాలి. మాకు దగ్గర్లోనే ఉన్న త్రెవీజోలో లే బెక్కెరియె అనే రెస్టారెంట్ 1972లో దీన్ని మెనూలో పెట్టింది. వాళ్ల లెక్క 12 పచ్చసొనలు, అరకిలో పంచదార, కిలో మస్కర్పోనె (మీగడలాంటి మెత్తటి చీజ్), 60 సవోయార్ది బిస్కెట్లు (వేలంత పొడుగు, గుల్లగా ఉండే స్పాంజ్ బిస్కెట్లు), కాఫీ, పైన కోకో పొడి, అంతే. తెల్లసొన లేదు, క్రీమ్ లేదు, మందు చుక్క కూడా లేదు. ఇది మాదంటే మాదని పక్కనున్న ఫ్రియూలి వాళ్లూ అంటారు, 2017లో ప్రభుత్వం సంప్రదాయ వంటల లిస్టులో వాళ్ల ప్రాంతం పేరు మీదే ఎక్కించింది కూడా, అప్పుడు ఇక్కడి వాళ్లకి ఒళ్లు మండిపోయింది.

మా ఇంటి ఓనర్ ఆవిడ చేసేది పచ్చి గుడ్డుతోనే. 500 గ్రాముల మస్కర్పోనెకి నాలుగు గుడ్లు, 100 గ్రాముల పంచదార. పచ్చసొన, పంచదార కలిపి ఆ ముదురు పసుపు పోయి లేత వెన్న రంగు వచ్చేదాకా బీట్ చేసి, మస్కర్పోనె కలిపి, ఆఖర్న నురగ కట్టిన తెల్లసొనని గరిటెతో కింద నుంచి పైకి తిప్పుతూ కలుపుతుంది. నోట్లో పెట్టుకుంటే కరిగిపోద్ది, రుచిలో దీన్ని కొట్టేది లేదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఆవిడ గుడ్లు కొనే పద్ధతి చూడాలి, అట్టపెట్టె మీద ఎక్స్‌ట్రా ఫ్రెష్ అని ఉందా, తేదీ ఎంత అని చూస్తుంది, ఆ మాట కోడి గుడ్డు పెట్టిన 9 రోజుల వరకే చెల్లుతుంది. ఎప్పుడు పెట్టిందో తెలియని గుడ్డుతో మనం ఆ పని చేయలేం. ఎంత ఫ్రెష్ అయినా సాల్మొనెల్లా (పచ్చి గుడ్డులో ఉండగల, కడుపు పాడుచేసే బ్యాక్టీరియా) భయం పూర్తిగా పోదు, కడుపుతో ఉన్నవాళ్లకీ, చిన్నపిల్లలకీ, పెద్దవాళ్లకీ నేనైతే పెట్టను. ఇంకో ఇబ్బంది, తెల్లసొన వేసింది రెండోరోజుకి నీరు వదిలేస్తుంది, ట్రే అడుగున బిస్కెట్ తడి గుడ్డలా అయిపోద్ది.

ఇక నేను చేసేది. నాలుగు పచ్చసొనలు, 100 గ్రాముల పంచదార గిన్నెలో వేసి, సన్నగా మరుగుతున్న నీళ్ల గిన్నె మీద పెట్టి (పై గిన్నె అడుగు నీళ్లకి తగలకూడదు, తగిలితే అట్టు అయిపోద్ది) చెయ్యి ఆపకుండా గిలక్కొట్టాలి. థర్మామీటర్ 72, 75 డిగ్రీల మధ్య చూపిస్తే దించేయొచ్చు, ఆ వేడికి సాల్మొనెల్లా భయం పోద్ది. చూస్తుండగానే సొన పొంగి రెట్టింపు అవుతుంది, విస్కర్ పైకెత్తితే రిబ్బన్‌లా జారి ఒక్క క్షణం పైన నిలబడి అప్పుడు కలిసిపోద్ది. ఇదేమీ మనం కనిపెట్టిన షార్ట్‌కట్ కాదు, ఇటలీ వాళ్ల జబయోనె అనే సొన స్వీట్ కూడా ఇలాగే చేస్తారు, అందులో మార్సాలా వైన్ పడుతుంది అంతే తేడా. బేకరీల్లో 121 డిగ్రీల పాకం పోసి కొడతారు, అది కూడా సేఫే గానీ ఇంట్లో అంత హడావిడి అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, సొన పూర్తిగా చల్లారాకే మస్కర్పోనె కలపాలి. మొదటిసారి నేను తొందరపడి గోరువెచ్చగా ఉండగానే వేసేశా, అందులో ఉన్నదంతా కొవ్వే కదా, కరిగి మజ్జిగలా పల్చబడింది, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడలేదు, ఆరుగురిని భోజనానికి పిలిచిన రోజది. ఎక్కువ బీట్ చేసినా అదే గతి, మస్కర్పోనె విరిగి రవ్వరవ్వగా అవుతుంది. తెల్లసొన బదులు 200 మిల్లీల విప్పింగ్ క్రీమ్ మెత్తగా కొట్టి కలిపితే ఆ తేలికదనం కూడా వచ్చేస్తుంది, రెండోరోజుకి కూడా నీరు వదలదు.

గుడ్డు లేనిది గుంటూరు వెళ్లినప్పుడు చేశా, మా అత్తగారు గుడ్డు ముట్టరు. మస్కర్పోనె, కొట్టిన క్రీమ్, పొడి చేసిన పంచదార, పది నిమిషాల పని. నీట్‌గా ముక్కలు కోయొచ్చు, పిల్లల పుట్టినరోజుకి ఇదే బెస్ట్. కానీ సొన ఇచ్చే ఆ కమ్మదనం ఉండదు, పాలమీగడ తిన్నట్టు కాస్త బరువుగా ఉంటుంది. చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది, సవోయార్ది బిస్కెట్‌లోనే గుడ్డు ఉంటుంది! క్రీమ్‌లో వేయకపోతే చాలనుకుని గుడ్డు తినని వాళ్లకి ఆ బిస్కెట్ పెట్టేస్తే తప్పు కదా, ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసుకోండి, లేదంటే ఎగ్‌లెస్ స్పాంజ్ కేక్ ముక్కలు ఓవెన్‌లో కరకరలాడేలా ఆరబెట్టి వాడండి. మస్కర్పోనె దొరక్కపోతే కొవ్వు 35 శాతం ఉన్న క్రీమ్‌ని 85 డిగ్రీలకి కాచి, నిమ్మరసం వేసి, చల్లారాక గుడ్డలో కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వడకట్టండి, 25 శాతం ఫ్రెష్ క్రీమ్‌తో మాత్రం అంత గట్టిగా రాదు.

బిస్కెట్లలో సవోయార్దినా పవెసీనినా అని ఇక్కడ ఇళ్లల్లో పెద్ద గొడవే నడుస్తుంది. పవెసీని పల్చగా ఉంటాయి, తొందరగా నానిపోతాయి, నాకు సవోయార్దినే ఇష్టం. చల్లారిన కాఫీలో ముంచి ఇటు ఒక సెకను, అటు ఒక సెకను అని లెక్కపెట్టి తీసేయాలి, విరిచి చూస్తే మధ్యలో సన్నటి తెల్లగీత కనపడాలి, ఆ గీత రాత్రికి క్రీమ్ తడితో అదే మెత్తబడుతుంది. కాఫీ ఇక్కడైతే మోకా పాట్‌లోది (పొయ్యి మీద పెట్టి చిక్కటి కాఫీ కాచే పాత్ర), గుంటూరులో మాత్రం ఫిల్టర్‌లో చిక్కగా దిగిన మొదటి డికాక్షనే వాడా, చికోరీ లేని పొడి అయితే చేదు సరిగ్గా కుదురుతుంది.

కోకో పొడి మాత్రం రాత్రే చల్లకండి, తడి పీల్చుకుని నల్లగా మచ్చలు కడుతుంది, వడ్డించే ముందు ట్రే బయటికి తీసి చిన్న జల్లెడతో చల్లండి.