మొదటి పెన్ను: స్లిమ్‌లైనా, సియెర్రానా?

లేత్ మీద మొదటి చెక్క పెన్ను చేయాలనుకునేవాళ్లకి చాలామంది స్లిమ్‌లైన్ కిట్ (చెక్క తప్ప పెన్నుకు కావలసిన మిగతా భాగాల సెట్) కొనమంటారు. ధర తక్కువ. కావలసిన 7 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ మామూలు హార్డ్‌వేర్ షాపులోనే దొరుకుతుంది. సియెర్రా అనే ఇంకో రకానికి 27/64 అంగుళాల బిట్ వెతుక్కోవాలి, కిట్ ఖరీదూ ఎక్కువే. అయినా నా ఓటు సియెర్రాకే.

కారణం లోపలి ఇత్తడి గొట్టాలు. సియెర్రాలో ఒకటే, స్లిమ్‌లైన్‌లో రెండు. రెండంటే రెండు బెజ్జాలు, రెండుసార్లు అతికింపు. కోసేముందే చెక్క మీద పెన్సిల్ గీత పెట్టుకోకపోతే పైముక్క చారలు ఒకవైపు, కిందిముక్కవి ఇంకోవైపు పోతాయి. పైగా బుష్ (ఎంతవరకు చెక్కాలో చూపే, చెక్క చివర ఉండే లోహపు రింగు) మట్టానికి వచ్చేసరికి గొట్టం మీద చెక్క పల్చటి పొరలా మిగులుతుంది. ఉలి మొద్దుబారి ఉంటే పెచ్చు లేచిపోయి ఇత్తడి తళుక్కుమంటుంది. నా టేకు ముక్క ఒకటి అలాగే పోయింది. ఆ రోజంతా మనసు మనసులో లేదు.

బిగింపులో ఇంకో టెన్షన్. స్లిమ్‌లైన్‌లో రీఫిల్‌ను తిప్పే మెకానిజమ్‌ను ఎంత లోతుకు నొక్కాలో మనమే చూసుకోవాలి. కాస్త ఎక్కువ దిగిందా, రీఫిల్ మొన ఇక లోపలికి పోదు. అందుకే కొంచెం నొక్కడం, రీఫిల్ పెట్టి చూడడం, మళ్లీ కొంచెం నొక్కడం. సియెర్రాలో ఈ లోతు లెక్క లేదు.

సన్నటి పెన్ను ఇష్టపడేవాళ్లకి మాత్రం స్లిమ్‌లైనే చేతికి హాయి. రీఫిల్ కొనేముందు చూసుకోండి: స్లిమ్‌లైన్‌కు క్రాస్ కంపెనీ రకం, సియెర్రాకు పార్కర్ రకం.