కారు అడుగుకు రబ్బరు కోటింగా, మైనం పూతా?

తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ బురద ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) సందుల్లో చేరి ఆరకపోతే తుప్పు లోపలినుంచే తినేస్తుంది.

కొత్త బండికైతే రబ్బరు కోటింగే నా మాట. మందంగా పట్టి, చక్రాల కింద నుంచి ఎగిరే కంకర దెబ్బలు కాస్తుంది, చప్పుడూ తగ్గిస్తుంది. అయితే ఇనుము శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడే వేయాలి. తుప్పు మీదే కొట్టేశారంటే, చిన్న పగులు రాగానే నీళ్లు దిగి అక్కడే నిలిచిపోతాయి. పైకి నల్లగా నిగనిగలాడుతుంది; స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే పెచ్చు ఊడి ఎర్రటి పొడి రాలుతుంది.

పాత బండికి, ముఖ్యంగా చిత్తూరు వైపు పాలు, మామిడికాయలు మోసే వ్యాన్లకు, మైనం పూతే మేలు. అది గట్టిపడదు, అతుకుల్లోకి, ఛాసిస్ డొల్లలోకి పాకుతుంది. కానీ దానికి దుమ్ము అంటుకుంటుంది, ప్రెజర్ వాష్‌కు పూత పోతుంది. అందుకే ఏటా సెప్టెంబరులో, వానలు పట్టకముందే మళ్లీ కొట్టించాలి.

ఏది వేయించినా సైలెన్సర్, బ్రేకు డిస్కుల మీద పడనివ్వకండి. డోర్ల కింద నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోయాయేమో మీరే వంగి, టార్చి వేసి చూసుకోండి.