మెటా క్వెస్ట్ 3 సమీక్ష: అనుమతి అడగకుండానే అందే సమాచారం

2023 అక్టోబరులో 499 డాలర్ల ధరతో విడుదలైన మెటా క్వెస్ట్ 3 అనే, తలకు తగిలించుకుంటే కళ్ల ముందు కల్పిత లోకాన్ని చూపే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌కు, బొమ్మ స్పష్టతలో గాని, ఆటల సంఖ్యలో గాని, ఆ ధరలో సాటి వచ్చేది దొరకడం కష్టం. దీనికి కంప్యూటరు అక్కర్లేదు, తీగల బెడద లేదు. బరువు అర కిలోకు కాస్త పైనే ఉంటుంది, ఛార్జింగ్ రెండు గంటలు నిలవడమే గొప్ప. ఈ సంగతులన్నీ ఇతర సమీక్షలలో వివరంగా దొరుకుతాయి కనుక, ఈ పరికరం పని చేయడానికి మన నుంచి ఏ సమాచారం తీసుకుంటుంది, అందులో దేనికి అనుమతి అడుగుతుంది, దేనికి అడగదు అన్నదే ఇక్కడ చూస్తాను.

తలకు తగిలించుకున్న వెంటనే ముందు కెమెరాల ద్వారా మన గది రంగుల్లోనే కనిపిస్తుంది. అటూ ఇటూ చూడమని అది చెప్పినప్పుడు తల తిప్పితే, గోడలమీదా సోఫామీదా మంచంమీదా త్రికోణాల వల ఒకటి పాకుతూ పోతుంది. ఆ వలే మన గది కొలతల పటం. ఏదైనా ఆట ఆ పటాన్ని వాడుకోదలిస్తే ముందుగా అనుమతి అడగాలి, మైకుకూ అదే పద్ధతి, ఇచ్చిన అనుమతిని సెట్టింగులలోకి వెళ్లి రద్దు చేసుకోవచ్చు కూడా. ఈ ఏర్పాటు మెచ్చుకోదగినదే. 2022లో 1,499 డాలర్లకు వచ్చిన క్వెస్ట్ ప్రోలో ఉన్న కనుచూపును గమనించే సెన్సర్లు ఇందులో లేవు. మనిషి దేనివైపు, ఎంతసేపు చూశాడన్నది ప్రకటనల వ్యాపారానికి ఎంత విలువైనదో ఊహించగలం కనుక, ఆ లేకపోవడాన్ని నేను లోపంగా కాక సుగుణంగానే లెక్కిస్తాను.

అసలు చిక్కు కదలికలతో వస్తుంది. తల ఎక్కడుంది, రెండు చేతులు ఎక్కడున్నాయి అన్న లెక్క సెకనుకు అనేక పదుల సార్లు అందకపోతే కళ్ల ముందు బొమ్మే నిలవదు కాబట్టి, దానికి అనుమతి అడిగే ప్రసక్తే రాదు, దాన్ని ఆపే వీలూ ఉండదు. నడక చూసి దూరం నుంచే మనిషిని పోల్చుకున్నట్లు, ఈ లెక్కను బట్టి మనిషిని పోల్చుకోవచ్చని పరిశోధకులు చూపించారు. 2020లో స్టాన్‌ఫర్డ్ బృందం 511 మందిలో ఐదు నిమిషాల లోపు కదలికలతోనే 95 శాతం కచ్చితత్వంతో వ్యక్తిని గుర్తించగలిగింది. 2023లో బర్క్‌లీ పరిశోధకులు ఎదురుగా వచ్చే దిమ్మెలను పాటకు తగ్గట్టు కత్తులతో నరికే బీట్ సేబర్ ఆట ఆడే 55 వేల మందికి పైగా వ్యక్తుల సమాచారాన్ని తీసుకుని, 100 సెకన్ల కదలికలతో 94 శాతం, కేవలం 10 సెకన్లతో 73 శాతం మేరకు ఎవరు ఎవరో చెప్పగలిగారు. అందులో ఎవరూ దొంగచాటుగా సేకరించినదేమీ లేదు: స్కోరు పట్టికల కోసం ఆటగాళ్లు తామే ఎక్కించిన ఆట రికార్డులవి. కత్తిని మణికట్టుతో తిప్పుతారా, భుజంతో తిప్పుతారా అన్నది స్కోరుకు ఆధారమైనట్లే గుర్తింపుకూ ఆధారమైంది. అయితే ఈ ఫలితాలు ముందే నమూనాలు ఉన్నవారి మధ్య గుర్తింపుకు సంబంధించినవి, ముక్కూ మొహం తెలియని మనిషి పేరును కదలికలు చెప్పేయవు. కానీ ఖాతా తెరిచి ఆడేవారి విషయంలో ఆ నమూనా పుట్టేది ఖాతా పక్కనే కదా! నలుగురితో కలిసి ఆడే ఆటల్లో మన బొమ్మ అవతలివారికి కదులుతూ కనిపించాలంటే ఆ లెక్క ఇల్లు దాటి సర్వర్లకు వెళ్లక తప్పదు.

ఇక కంపెనీ నడవడిక. 2014లో వీఆర్ హెడ్‌సెట్ల సంస్థ ఆకులస్‌ను కొన్న ఫేస్‌బుక్ (తర్వాత మెటాగా పేరు మార్చుకున్నది ఇదే), 2020లో అప్పటి హెడ్‌సెట్ క్వెస్ట్ 2తో పాటు ఫేస్‌బుక్ ఖాతాను తప్పనిసరి చేసింది. ఆ డిసెంబరులోనే జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెట్టింది. 2022 ఆగస్టులో మెటా ఖాతాలు వచ్చాకే ఆ షరతు తొలగింది. అంతకు ముందు 2021 జూన్‌లో ఫేస్‌బుక్ బ్లాస్టన్ అనే ఆటలో ప్రకటనలు పరీక్షిస్తామని ప్రకటించగా, ఆటగాళ్లు తిరగబడటంతో ఆట తయారీదారులు కొద్ది రోజులకే తప్పుకున్నారు. డబ్బు కట్టి కొన్న పెట్టె అదే, దాని షరతులు మాత్రం ఎటైనా మారగలవు. కొనేవారు ధరతో పాటు తూచుకోవలసినది ఇదే.

పిల్లల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. తల్లిదండ్రుల నిర్వహణలో పదేళ్ల పిల్లలకూ ఖాతా తెరిచే వీలును మెటా 2023లో ఇచ్చింది. అదే ఏడాది మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, పద్దెనిమిదేళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే పరిగణించి, వారి ప్రవర్తనను గమనించడాన్ని, వారికి గురిపెట్టిన ప్రకటనలను నిషేధించింది. ఆటకు అవసరమైన కదలికల లెక్క ఆట ముగిశాక కూడా నిల్వ ఉంటే అది ప్రవర్తనను గమనించడం కిందికి వస్తుందా అన్నది తేలవలసిన ప్రశ్న. మాల్‌లలోని వీఆర్ జోన్‌లలో నిర్వాహకుల ఖాతాపై ఆడే పిల్లల సమాచారానికి సమ్మతి ఇవ్వవలసినది ఎవరన్నది మరో ప్రశ్న.

పరికరంగా దీనికి ఐదుకు నాలుగు ఇస్తాను, సమాచార విషయంలో రెండున్నర మించి ఇవ్వలేను. ఒంటరిగా ఆడే ఆటల కోసం, మైకు, గది పటం అనుమతులు అవసరమైన చోటే ఇస్తూ, పెద్దలు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. పదేళ్ల పిల్లలకు సొంత ఖాతా తెరిచి చేతికివ్వమని మాత్రం చెప్పను.