నెలకు 99 రూపాయల ‘అపరిమిత’ హోస్టింగ్: కొనబోయేవారికి హెచ్చరిక

చిన్న వ్యాపారానికి వెబ్‌సైటు పెట్టుకునేవారు హోస్టింగ్ (సైటును ఇంటర్నెట్‌లో ఉంచే అద్దె సేవ) ప్లాన్ల ధరలను పోల్చి చూస్తారు గానీ, రేపు నచ్చకపోతే ఆ సంస్థ నుంచి బయటపడటం ఎంత సులభమన్నది ముందుగా విచారించేవారు తక్కువ. గుంటూరులో మా కుటుంబం నడిపే పచ్చళ్ల వ్యాపారపు సైటుకు ఎదురైన ఇబ్బందులన్నిటికీ మూలం అక్కడే ఉంది. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మే విక్రేతలు ఇంకా ఉన్నారు కాబట్టి, కొనబోయేవారు పేరు కంటే పద్ధతిని గుర్తుపట్టడం ఎక్కువ ఉపయోగం.

ప్రకటనలో ధర నెలకు 99 రూపాయలని ఉంది. ఆ ధర దక్కాలంటే మూడేళ్ల సొమ్మును ఒకేసారి కట్టాలన్న షరతు బిల్లు పేజీకి చేరేదాకా కనిపించదు. 3,564 రూపాయలకు 18 శాతం జీఎస్టీ కలిస్తే మొత్తం 4,205 రూపాయలు దాటుతుంది. అదే పేజీలో ‘సైటు రక్షణ’, ‘అదనపు బ్యాకప్’ అనే రెండు సేవలకు ముందే టిక్కు పెట్టి ఉంచారు. వాటిని మనమే వెతికి తీసేయాలి. మూడేళ్లు గడిచాక రెన్యూవల్ ధర నెలకు 399 రూపాయలైంది, అంటే జీఎస్టీతో ఏడాదికి దాదాపు 5,650 రూపాయలు. ఈ నాలుగేళ్ల ఖర్చును 48 నెలలకు పంచితే నెలకు 205 రూపాయలు పడుతుంది, అది కూడా డొమైన్ (సైటు పేరు) రెన్యూవల్ కలపకుండానే. మొదటిసారి ధర తగ్గించి, తరవాత పెంచడం ఈ రంగంలో మామూలే కాబట్టి దానిని మోసమని అనను. కానీ పెరగబోయే ధరను ఎక్కడా అంకెల్లో చూపకుండా, నిబంధనల పేజీలో ‘అప్పటి ధర ప్రకారం’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడం నిజాయితీ గల వ్యాపారం కాదు.

‘అపరిమితం’ అన్న మాట సంగతి మరీ విచిత్రమైనది. డిస్కు స్థలానికి పరిమితి లేదన్నారు గానీ ఫైళ్ల సంఖ్యకు పరిమితి ఉంది. సర్వరులో ప్రతి ఫైలునూ, ప్రతి ఫోల్డరునూ ఒక ఐనోడ్‌గా లెక్కిస్తారు, మా ప్లాన్‌లో ఆ లెక్క రెండు లక్షలకు మించకూడదు. పచ్చళ్ల సైటుకు రెండు లక్షల ఫైళ్లు ఎందుకని అనిపించవచ్చు. సైటు తయారీకి వాడే వర్డ్‌ప్రెస్‌లో ఒక్క ఫొటో ఎక్కిస్తే అది వేర్వేరు కొలతల్లో మరికొన్ని ఫొటోలను తయారు చేసుకుంటుంది, దుకాణం ప్లగిన్ (అదనపు సౌకర్యం ఇచ్చే చిన్న ప్రోగ్రాం) ఉంటే ఇంకొన్ని కొలతలు చేరతాయి, పేజీలు త్వరగా తెరుచుకునేలా వాటి కాపీలు దాచే క్యాష్ ప్లగిన్ వేల ఫైళ్లు రాస్తుంది. వీటికి తోడు, ఇటువంటి సర్వర్లలో సాధారణంగా ఒక్కొక్క మెయిలు ఒక్కొక్క ఫైలుగా నిలవ ఉంటుంది కాబట్టి, ఆర్డర్ల మెయిళ్లు తీసేయకుండా దాచుకునే దుకాణానికి ఆ సంఖ్య త్వరగానే నిండుతుంది. ప్రాసెసరు, మెమరీ వాడకానికి కూడా విడిగా హద్దులున్నాయి. కొత్త ఆవకాయ కాలంలో హైదరాబాదు నుంచీ అమెరికా నుంచీ ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చినప్పుడు, కొనడానికి వచ్చినవారికి 508 అనే అంకెతో వనరుల పరిమితి ముగిసిందన్న పేజీ కనిపించింది. స్థలం ఎంత మిగిలినా అప్పుడు ప్రయోజనమేమీ లేదు.

బ్యాకప్ విషయంలో జరిగినది ఇంతకన్నా నష్టం చేసింది. వారానికొకసారి ఉచితంగా బ్యాకప్ తీస్తామని అమ్మకపు పేజీలో రాసినవారే, లక్ష ఫైళ్లు దాటిన ఖాతాలకు ఆ సౌకర్యం వర్తించదని నిబంధనల్లో మరోచోట రాశారు. మా ఖాతా లక్ష దాటినప్పుడు బ్యాకప్ ఆగిపోయింది, ఆగిందని ఒక్క మెయిలు కూడా రాలేదు. తరవాత ఒక ప్లగిన్ అప్‌డేటుతో ఆర్డర్ల డేటాబేసు పాడై, పాత కాపీని తిరిగి పెట్టమని అడిగితే, తమ దగ్గర కాపీ లేదన్న జవాబు నిబంధన సంఖ్యతో సహా వచ్చింది. పేమెంట్ గేట్‌వే రికార్డులనూ ఆర్డరు మెయిళ్లనూ ముందు పెట్టుకుని, చిరునామాలతో సహా అన్నిటినీ చేత్తో తిరిగి ఎక్కించవలసి వచ్చింది. విక్రేత మంచివాడైనా అతని దగ్గరి కాపీ ఒక్కటే చాలదనడానికి 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరు తగలబడిన ఉదంతం ఉంది. అక్కడ కాపీ మరోచోట లేని ఖాతాదారులు తమ సమాచారాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నారు.

ఇక అసలు విషయం డొమైన్. ప్లాన్‌తో పాటు ఉచితంగా వచ్చిన మా డాట్ కామ్ పేరును ఆ సంస్థ తన రీసెల్లర్ (డొమైన్లను తిరిగి అమ్మే) ఖాతా ద్వారా, తన సంస్థ పేరుమీదనే నమోదు చేసింది. కొనేటప్పుడు మా వివరాలన్నీ తీసుకుని రసీదు మా పేరునే ఇచ్చినందువల్ల, ఈ సంగతి మేము మరో సంస్థకు మారాలనుకున్నప్పుడు గానీ బయటపడలేదు. బదిలీకి కావలసిన ఆథ్ కోడ్ అడిగితే, ముందు హోస్టింగ్ రెన్యూవల్ సొమ్ము, ఆపైన ‘విడుదల రుసుము’ కట్టమన్నారు. డొమైన్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ నియమాల ప్రకారం, నమోదుదారు, అంటే డొమైన్ ఎవరి పేరున ఉందో వారు, కోడ్ అడిగిన 5 రోజుల్లోగా రిజిస్ట్రార్ (డొమైన్లను నమోదు చేసే సంస్థ) దానిని ఇవ్వాలి. అయితే ఆ హక్కు నమోదుదారుది. రికార్డులో నమోదుదారు విక్రేతే అయినప్పుడు, ఏళ్ల తరబడి ఆ పేరును వాడుకున్న దుకాణం వైపు ఆ నియమం నిలబడదు. సీసాల లేబుళ్ల మీదా కొరియర్ పెట్టెల మీదా అచ్చయి ఉన్న పేరును వదులుకోలేం కాబట్టి, అడిగినంతా కట్టి విడిపించుకున్నాం. నమోదుదారు పేరు మారిన తరవాత మరో రిజిస్ట్రార్‌కు బదిలీ కాకుండా 60 రోజుల తాళం పడవచ్చు, మా విషయంలో పడింది కూడా.

డొమైన్ ఎవరి పేరున ఉందో బహిరంగంగా వెతికి తెలుసుకోవచ్చని చాలామంది నమ్ముతారు. కానీ 2018 నుంచి గోప్యత కారణంగా ఆ రికార్డుల్లో సొంతదారుల పేర్లు ఎక్కువగా కనిపించవు. దీనికి మరో పరీక్ష ఉంది. డాట్ కామ్ వంటి డొమైన్లను కొత్తగా నమోదు చేసినప్పుడు, నమోదుదారు మెయిలు చిరునామాను గానీ ఫోను నంబరును గానీ రిజిస్ట్రార్ 15 రోజుల్లోగా ధృవీకరించుకోవాలి. అందుకోసం మామూలుగా మెయిలుకు ఒక లింకు పంపుతారు. అటువంటి మెయిలు మీకు రాకపోతే, నమోదు మీ మెయిలుతో జరిగిందా లేదా అని వెంటనే నిలదీయండి. ఉచితమన్నా సరే, హోస్టింగ్ విక్రేత దగ్గర డొమైన్ తీసుకోకుండా వేరే రిజిస్ట్రార్ దగ్గర మీ సొంత ఖాతాలో కొనుక్కోవడం మేలు. ఆ ఖాతాకు ఇచ్చే మెయిలు చిరునామా అదే డొమైన్‌ది కాకూడదు. సైటును నిలిపివేసిన రోజున మెయిలు కూడా ఆగిపోతే, పాస్‌వర్డు మార్చుకునే లింకు సైతం మీకు చేరదు.

సపోర్ట్ గురించి చెప్పవలసింది తక్కువే. కొనకముందు క్షణాల్లో పలికిన చాట్, కొన్న తరవాత ఫిర్యాదు టికెట్ల వరుసగా మారింది. 99.9 శాతం అప్‌టైమ్ (సైటు ఆగకుండా నడిచే సమయం) హామీని చూసి మురిసిపోనక్కర లేదు. ఆ లెక్కన నెలకు 43 నిమిషాలు సైటు ఆగినా హామీ నిలబడినట్టే, హామీ తప్పితే వచ్చేది కూడా ఆ నెల అద్దెలో కొంత భాగమే. 99 రూపాయల నెల అద్దె మొత్తం వెనక్కి ఇచ్చినా దానితో అరకిలో గోంగూర పచ్చడి రాదు.

కొనేముందు విక్రేతకు చాట్‌లో కాకుండా మెయిలులో రాసి, రెన్యూవల్ ధర, ఐనోడ్ పరిమితి, బ్యాకప్ మినహాయింపులు, వెళ్లిపోయేటప్పుడు కట్టవలసిన రుసుములను అంకెలతో సహా జవాబుగా తెప్పించుకోండి. జవాబు దాటవేస్తే అక్కడితో వదిలేయడం మంచిది. సైటుకూ చూసేవారికీ మధ్య సమాచారాన్ని భద్రంగా ఉంచే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ ఉచితంగా ఇస్తున్న ఈ రోజుల్లో మామూలు ఎస్‌ఎస్‌ఎల్‌కు విడిగా డబ్బు అడిగేవారిని కూడా అనుమానించండి. ‘ఉత్తమ హోస్టింగ్’ జాబితాలు రాసేవారిలో చాలామందికి అమ్మకం మీద కమీషన్ ముడుతుంది. పైగా పేర్లు వేరైనంత మాత్రాన యజమానులు వేరని అనుకోకూడదు. బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్ రెండూ న్యూఫోల్డ్ డిజిటల్ అనే ఒకే సంస్థవి. మాకు ఇబ్బంది కలిగించినది వాటిలో ఏదీ కాదు, సంస్థను మార్చేటప్పుడు చూసుకోవలసిన సంగతిగా మాత్రమే చెబుతున్నాను.

అడగని సేవను బుట్టలో చేర్చడం, ధరను విడతలుగా బయటపెట్టడం, చందా నుంచి బయటపడనీయకపోవడం వంటి 13 పద్ధతులను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాల్లో నిషేధించింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు, అయితే ఇది వాణిజ్య అవసరానికి కొన్న సేవ అని ఎదుటివారు వాదిస్తారని ముందే అనుకోండి. కాబట్టి ప్రకటన, బిల్లు పేజీ స్క్రీన్‌షాట్లను కొన్న రోజే దాచుకోవాలి.

ఇప్పటికే ఇటువంటి ప్లాన్‌లో ఉన్నవారు రెన్యూవల్ తేదీకి రెండు నెలల ముందే కదలాలి. కార్డు మీద ఆటో డెబిట్ అనుమతి ఉంటే, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం వస్తుంది. 15,000 రూపాయల లోపు మొత్తానికి ఓటీపీ అడగరు కాబట్టి ఆ సందేశాన్ని పట్టించుకోకపోతే సొమ్ము వెళ్లిపోతుంది. విక్రేత ప్యానెల్‌లో ప్లాన్ రద్దు చేసినంత మాత్రాన బ్యాంకు దగ్గరి అనుమతి రద్దయిందని భావించకుండా, దానిని అక్కడ కూడా తీసేయండి. మొదట ఫైళ్లనూ డేటాబేసునూ మెయిళ్లనూ పూర్తిగా దించుకుని, డొమైన్‌ను మీ పేరుకు మార్పించుకోండి. కొత్తచోట సైటూ మెయిలూ రెండూ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే పాత ఖాతాను రద్దు చేయమని రాయండి, ఎందుకంటే రద్దు కోరిన వెంటనే ఫైళ్లను తొలగించే విక్రేతలు కూడా ఉన్నారు.