రెండేళ్ల బేస్‌ఎక్స్: క్వెరీ నడిచిన దారిని చూపే కిటికీ

బేస్‌ఎక్స్ అనేది ట్యాగులతో రాసిన ఎక్స్ఎంఎల్ పత్రాలను దాచి వెతికే డేటాబేస్. దాని గురించి నేను చెప్పదలచినదంతా దానిలోని ఇన్ఫో కిటికీ చుట్టూనే తిరుగుతుంది. ఎక్స్‌క్వెరీ భాషలో నేను రాసిన క్వెరీని, అంటే వెతుకులాట ఆదేశాన్ని, అది ఎలా మార్చుకుంది, ఏ ఇండెక్స్‌ను (వెతుకులాటను వేగవంతం చేసే సూచికను) వాడుకుంది, క్వెరీని చదవడానికి, కంపైల్ చేయడానికి, అమలు చేయడానికి, ఫలితాన్ని బయటికి రాయడానికి విడివిడిగా ఎంత సమయం పట్టింది అన్నదంతా అక్కడ వరుసగా కనిపిస్తుంది. పెద్ద డాక్యుమెంట్ సేకరణలపై వేగాన్ని కొలిచేవారికి ఇంతకంటే విలువైన సదుపాయం లేదని రెండేళ్ల తరువాత కూడా నమ్ముతున్నాను. అయితే ఆ కిటికీని చూడటం మానేసిన రోజుల్లో నేను నష్టపోయాను.

నా సేకరణ పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల సూచీలోని వివరాలు. అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వీటిని ఎక్స్ఎంఎల్ ఫైళ్లుగా ఏటా ఒకసారి మొత్తంగా విడుదల చేసి, ఆపైన రోజువారీ సవరణ ఫైళ్లను ఇస్తుంది. ఒక్కో ఫైలులో 30,000 వరకు వ్యాసాల వివరాలుంటాయి. బేస్‌ఎక్స్‌లో ఒక డేటాబేస్‌కు సుమారు 214 కోట్ల నోడ్‌ల (మూలకం, పాఠం వంటి విడి భాగాల) పరిమితి ఉండటం వల్ల మొత్తం సేకరణ ఒకే చోట ఇమడదు కాబట్టి, 100 ఫైళ్ల భాగంతో పరీక్ష మొదలుపెట్టాను.

మొదటి వారంలో నేను నమోదు చేసిన సంఖ్యలు అద్భుతంగా ఉన్నాయి. లక్షల వ్యాసాలను లెక్కించమంటే రెప్పపాటులో సమాధానం వచ్చింది, ఆ వేగాన్ని నా సహోద్యోగులందరికీ గొప్పగా చెప్పాను. ఇన్ఫో కిటికీని శ్రద్ధగా చదివిన తరువాతే, అలాంటి సాదా లెక్కింపుకు సమాధానం డేటాబేస్ ముందుగానే దాచుకున్న గణాంకాల నుంచి కంపైల్ దశలోనే దొరుకుతుందని, అసలు ఒక్క వ్యాసాన్ని కూడా తెరవనవసరం లేదని తెలిసింది. నేను కొలిచింది క్వెరీ వేగాన్ని కాదు. ఆ తరువాత వ్యాసాలను నిజంగా బయటికి తెచ్చే క్వెరీలనే పరీక్షకు ఎంచుకున్నాను, ఒక్కొక్కదాన్నీ అనేకసార్లు నడిపాను, బేస్‌ఎక్స్‌ను నడిపే జావా పూర్తి వేగం అందుకోకముందు జరిగే మొదటి పరుగును సగటులో కలపకుండా విడిగా రాసుకున్నాను. పీఎంఐడీ సంఖ్యను (పబ్‌మెడ్‌లో ఒక్కో వ్యాసానికి ఉండే గుర్తింపు సంఖ్యను) కొటేషన్ గుర్తుల మధ్య పెడితే టెక్స్ట్ ఇండెక్స్ వాడబడుతుందని, అదే సంఖ్యను గుర్తులు లేకుండా రాస్తే పోలిక సంఖ్యాపరంగా మారి ఆ ఇండెక్స్ పక్కకు పోతుందని కూడా ఈ కిటికీయే నేర్పింది. రెండు కొటేషన్ గుర్తుల తేడా నా యంత్రంలో మిల్లీసెకన్లకూ నిమిషాలకూ మధ్య తేడా అయింది.

ఇక ఆ ఎదురుదెబ్బ సంగతి. మూడో నెలలో రోజువారీ సవరణలను కలపడం మొదలుపెట్టాను. మొదటి సవరణ ఫైలు చేర్చిన మర్నాడు, అంతకుముందు కనురెప్ప వేసేలోపు వచ్చిన పీఎంఐడీ వెతుకులాట ఎంతకీ ముగియలేదు. జావాకు ఇచ్చిన మెమొరీ చాలలేదనుకొని పెంచాను. డిస్కు పాడైందేమోనని సేకరణను మరో డిస్కుకు మార్చాను. కొత్త ఫైలులో ఏదైనా వింత మూలకం ఉందేమోనని రెండు రోజులు దాన్నే పరిశీలించాను. మూడో రోజు సాయంత్రం పాత పరీక్ష తాలూకు ఇన్ఫో పాఠాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే, ఇండెక్స్‌ను వాడుకుంటున్నట్లు చెప్పే పంక్తి కొత్తదానిలో లేదు. డేటాబేస్ వివరాలు అడిగితే, ఇండెక్స్‌లు తాజాగా లేవని అక్కడ స్పష్టంగా ఉంది. సవరణ జరిగితే టెక్స్ట్ ఇండెక్స్ వంటి విలువల ఇండెక్స్‌లు చెల్లకుండా పోవడం, వాటిని తిరిగి నిర్మించే ఆప్టిమైజ్ ఆదేశం ఇచ్చేవరకు క్వెరీ మొత్తం సేకరణను వరుసగా గాలించడం దీని సహజ ప్రవర్తనే. అది దాని వాడుక పత్రాల్లో రాసే ఉంది, నేను చదవలేదు. ఫలితాలు మాత్రం ఒక్కటి కూడా తప్పు రాలేదు, నెమ్మదిగానైనా సరైనవే వచ్చాయి. అందుకే పొరపాటు ఎక్కడుందో పట్టుకోవడం అంత కష్టమైంది.

ఇండెక్స్‌లు సవరణతోపాటే మారేలా డేటాబేస్‌ను సృష్టించేటప్పుడే ఒక ఐచ్ఛికాన్ని ఎంచుకోవచ్చు. కానీ పాఠంలోని పదాలవారీగా వెతికే పూర్తిపాఠ ఇండెక్స్‌కు అది వర్తించదు, పెద్ద మొత్తంలో చేర్పులను కూడా నెమ్మదింపజేస్తుంది. ప్రతి మార్పు తరువాత ఆప్టిమైజ్‌ను దానంతటదే జరిపించే మార్గం ఉన్నా, ఇంత పెద్ద సేకరణకు అది భారం. నేను ఎంచుకున్న దారి వేరు: మారని పాత ఫైళ్లను ఒక డేటాబేస్‌లో, సవరణలను మరో చిన్న డేటాబేస్‌లో ఉంచి, రాత్రిపూట చిన్నదాన్ని మాత్రమే ఆప్టిమైజ్ చేస్తున్నాను. ప్రతి వ్యాసానికీ ఏది తాజా రూపమో క్వెరీలోనే తేల్చుకోవలసి రావడం దీనికి చెల్లించే మూల్యం.

ఇండెక్స్ తోడు ఉన్నంతవరకే నా మొదటి మెచ్చుకోలు నిలుస్తుందని ఇప్పుడు రాసుకోవాలి. ఇండెక్స్‌లో నిల్వ ఉండే పాఠం పొడవుకు డిఫాల్ట్ పరిమితి 96 అక్షరాలు కావడం వల్ల, వైద్య వ్యాసాల పొడవాటి శీర్షికలను యథాతథంగా పోల్చి వెతకడంలో ఆ వేగం తరచుగా దొరకలేదు. వాటికి పూర్తిపాఠ ఇండెక్స్‌ను విడిగా నిర్మించుకోవలసి వచ్చింది. నా యంత్రం 16 జీబీ మెమొరీ ఉన్న ల్యాప్‌టాప్, వాడేది నేనొక్కడినే, సవరణలు రోజుకోసారి వస్తాయి. ఈ పరిస్థితుల్లో మరో ఎక్స్ఎంఎల్ డేటాబేస్ వైపు నేను చూడటం లేదు. పగలంతా పదిమంది ఒకేసారి మార్పులు చేసే సేకరణ అయితే, నా అనుభవాన్ని ఆధారంగా తీసుకోకుండా మీ సొంత క్వెరీలను ఒక సవరణకు ముందూ తరువాతా నడిపి, ఇన్ఫో కిటికీలోని పంక్తులను పోల్చి చూడమని కోరుతున్నాను.