కమాండ్ అవుట్‌పుట్ మార్చాలంటే: పాతదాన్ని కదపకుండా ఉంచడం మేలా, స్క్రిప్టులకు వేరే దారి ఇవ్వడం మేలా?

కోడ్‌లో జరిగే మార్పుల చరిత్రను దాచే టూల్ గిట్. 2013లో వచ్చిన దాని 1.8.5 వెర్షన్‌లో ఒక చిన్న మార్పు జరిగింది. ఏయే ఫైళ్లు మారాయో చెప్పే ‘గిట్ స్టేటస్’ కమాండ్ చూపించే వరుసల ముందు ఉండే # గుర్తును తీసేశారు. కమిట్ మెసేజ్ (మార్పును భద్రపరిచేటప్పుడు ఇచ్చే వివరణ) రాసే ఎడిటర్‌లో ఆ గుర్తుతో పని ఉంది, టెర్మినల్‌లో చదివే మనిషికి లేదు. కాబట్టి మార్పు సబబే. కానీ ఆ # గుర్తును పట్టుకుని వరుసల్ని వెతికే స్క్రిప్టు (కమాండ్లను తనంతట తానే నడిపే చిన్న ప్రోగ్రాం) సంగతి? దానికి ఎర్రర్ రాకపోవచ్చు. ఏమీ దొరక్క, ఫైళ్లేవీ మారలేదనుకుని ముందుకు సాగిపోతుంది. గట్టిగా ఆగిపోయే స్క్రిప్టు కంటే ఇలా నిశ్శబ్దంగా తప్పు చేసేది చాలా ప్రమాదం.

ఈ టెన్షన్ లేకుండా ఉండాలంటే అవుట్‌పుట్‌ను అసలు ముట్టుకోకపోవడం ఒక మార్గం. గిట్ లాంటిదే మరో టూల్ అయిన మెర్క్యురియల్ ఎక్కువగా ఈ పక్షమే. పాత స్క్రిప్టు కొత్త వెర్షన్‌లోనూ నడవాలన్నది దాని పట్టుదల. ఆ పట్టుదల నాకు గౌరవనీయంగానే కనిపిస్తుంది. కాకపోతే అదొక్కటే సరిపోదు. ప్రోగ్రాం మారకపోయినా, వాడేవాళ్ల సెట్టింగుల వల్ల అవుట్‌పుట్ మారిపోతుంది: ఒకరు ఎక్కువ వివరాలు చూపే వెర్బోస్ మోడ్ పెట్టుకుంటారు, ఇంకొకరి మెషీన్‌లో సందేశాలు వేరే భాషలో వస్తాయి. అందుకే మెర్క్యురియల్‌లో హెచ్‌జీప్లెయిన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కమాండ్లు నడిచేటప్పుడు చూసుకునే సెట్టింగు) ఉంది. స్క్రిప్టు మొదట్లో ఒక్కసారి పెడితే చాలు, లోపల నడిచే ప్రతి మెర్క్యురియల్ కమాండూ ఆ సెట్టింగుల్ని పక్కనపెడుతుంది. ప్రతి కమాండుకీ ఆప్షన్ తగిలించడం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఈ సుఖం గిట్ పద్ధతిలో లేదు.

గిట్ దారి వేరు. మనిషి చదివే అవుట్‌పుట్ ఎప్పుడైనా మారవచ్చు, స్క్రిప్టు మాత్రం ‘--పోర్సిలిన్’ అని అడగాలి. 2010లో 1.7.0తో వచ్చిన ఈ ఆప్షన్ ఇచ్చిన మాట గట్టిది: వెర్షన్ మారినా, యూజర్ సెట్టింగులు మారినా ఫార్మాట్ చెదరదు. 1.8.5 విడుదల నోట్స్ కూడా స్క్రిప్టులు రాసేవాళ్లని ఇటే పంపాయి. పాత # గుర్తే కావాలనుకునేవాళ్లకి ఒక సెట్టింగూ మిగిల్చారు.

అయితే కదలనన్న ఫార్మాట్‌లో కొత్త సమాచారం ఎక్కడ పెడతారు? దీనికి గిట్ చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. పాతదాన్ని అలాగే ఉంచి, 2016లో 2.11 వెర్షన్‌లో ‘--పోర్సిలిన్=వీ2’ తెచ్చారు. ఇందులో ఫైల్ మోడ్‌లు (ఫైల్ రకం, అనుమతులు), ఆబ్జెక్ట్ ఐడీలు (గిట్ దాచిన ఫైల్‌కి ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) కూడా వస్తాయి. తెలియని హెడర్ వరుస (మొదట్లో వచ్చే సమాచార వరుస) కనిపిస్తే వదిలేయండని డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. అంటే రేపు ఇంకో హెడర్ చేర్చినా ఆ మాట విన్న స్క్రిప్టు చెడదు.

ఇలాంటిదే ఇంకో టూల్ అయిన సబ్‌వర్షన్‌లో, అవుట్‌పుట్‌ను ట్యాగులతో ఇచ్చే ‘--ఎక్స్‌ఎంఎల్’ ఆప్షన్ ఉంది. వరుసల్ని కోసుకునే బాధ తప్పుతుంది కానీ, చిన్న షెల్ స్క్రిప్టుకి అది బరువే.

కొత్తగా టూల్ రాస్తున్నవాళ్లు గిట్ దారే పట్టాలి, అదీ మొదటి విడుదల నుంచే, ఫార్మాట్‌కి నంబర్ వేసి. వాడుకలో పాతుకుపోయిన టూల్‌కి అలాంటి ఆప్షన్ ఇంకా లేకపోతే, ముందు అది చేర్చండి. స్క్రిప్టులు అటు మళ్లడానికి కొన్ని విడుదలల వ్యవధి ఇవ్వండి. మనిషి చూసే అవుట్‌పుట్ మీద ఆ తర్వాతే చెయ్యి వేయండి.